రెండో గీత

పూండి స్టేషనుకు తూర్పున, సముద్రం ఒడ్డు పల్లెలో అప్పలనరసమ్మ ఎండుచేపలు అమ్మేది. గంప నెత్తిన పెట్టుకుని కాశీబుగ్గ దాకా నడిచే మనిషి. జర్మనీ యుద్ధం ముగిసిన ఏడాది వచ్చిన విషజ్వరంలో బతికి బయటపడింది కానీ, వాకిలి దాటితే ఆయాసపడేది.

మొగుడు పైడయ్య రంగూన్‌లో ఒక ఫ్రెంచి దొర మందుల కొట్టులో సీసాలు కడిగి వచ్చినవాడు. వస్తూ వస్తూ, అంచు పగిలిందని అక్కడ పారేసిన, మందు కొలిచే గీతలున్న పెద్ద గ్లాసు ఒకటి తెచ్చుకున్నాడు. నీరసపడ్డవాళ్లకు ఆ కొట్టులో చేప కార్జం నూనె పోయడం చూశాడు.

"రెండో గీత దాకా పొయ్యాల. నాను రోజూ సూసినాను," అంటూ సొరచేప కార్జాలు కుండలో కాచి, రోజుకోసారి ఆమె చేత తాగించాడు.

కార్జాలు అప్పటికే కుళ్లి ఉన్నాయి. నూనె మీద నల్లటి తెట్టు, దాని మీద ఈగలు. ఒక గుక్క గొంతులో దిగకముందే ఇంకో గుక్క పైకి వచ్చేది. తేన్పుల్లో, చెమటలో, తలగడలో అదే కంపు. విరేచనాలు జిడ్డుగా తేలేవి. పోసేటప్పుడు పైడయ్య మాత్రం తలగుడ్డతో ముక్కు మూసుకునేవాడు.

"ఒగ్గీయి మావా, నావల్ల కాదు."

"మందు తియ్యగుంటాదేటే? మింగు!"

నెల తిరిగేసరికి ఆమె లేవలేకపోయింది. బండి మీద టెక్కలి తీసుకెళ్లారు. అక్కడి ఆసుపత్రి కాంపౌండరు పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల మందుల కొట్టులో పనిచేసి వచ్చినవాడు. పైడయ్య వెంట తెచ్చిన గ్లాసు చూసి తల పట్టుకున్నాడు.

"కొట్టులో పోసింది చిన్న గ్లాసుతోరా. దాని గీత సెంటీలీటరు, అంటే పది మిల్లీలీటర్లు. రెండు గీతలకు ఇరవై. దీని గీత డెసీలీటరు, అంటే వంద. రెండుకి రెండువందలు! పది రెట్లు తాగించావు. అయిదు రోజులకో లీటరు నూనె!"

"గీత గీతే కదా బాబూ," అని పైడయ్య నవ్వాడు.

ఆ నవ్వు చూసి అప్పలనరసమ్మకు నూనె కంటే ఎక్కువ వెగటు పుట్టింది. నూనె మానిన వారానికి లేచి, గ్లాసులో రెండో గీత దాకా అదే నూనె పోసి అతని ముందు పెట్టింది.

"తాగు మావా."

అతను నోట్లో పోసుకున్నాడు. మింగకుండానే గుమ్మంలో కక్కాడు.

ఒళ్లు కుదుటపడ్డా ఆమె మళ్లీ చేపల గంప ఎత్తలేదు. ఆ వాసన వస్తే ముక్కు మూసుకుని దూరం జరిగేది. రైతుల ఊళ్లకు పోయి కొబ్బరిపీచు తాళ్లు పేనింది. పైడయ్య సముద్రం మీద చేపల వేట నుంచి వస్తే అన్నం అరుగు మీదే పెట్టి, మొహం తిప్పుకుని లోపలికి పోయేది.