నవనీత నోటుబుక్కు

మధ్యాహ్నం కోదాడ బస్టాండు దగ్గర టిఫిన్ బండి కడిగేశాక, నవనీత స్టూలు మీద కూర్చుని నోటుబుక్కు తెరుస్తుంది. పేజీకో ప్రశ్న రాసి దాన్ని ఇచ్చింది దవాఖానలో కౌన్సెలర్ పూర్ణిమ. నిరుడు గ్యాసు లీకై బండి దగ్గర మంట లేచినప్పుడు నవనీత కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. చెయ్యి మానింది కానీ, లైటర్ చప్పుడు వింటే ఇప్పటికీ ఒళ్లు వణుకుతుంది. అందుకే పొయ్యి వెలిగించి దోసెలు వేయడం భర్త ఏసుబాబు పని, పిండీ చట్నీ ఆమెవి. రాస్తూ రాస్తూ చెయ్యి బిగుసుకుంటే వేళ్లు విదిలించుకుని, మళ్లీ గుండ్రటి అక్షరాలు పేరుస్తుంది.

పోయిన సోమవారం పేజీలో "మంట లేచాక నువ్వు ఏమేం చేశావు? ఒక్కొక్కటిగా రాయి" అని ఉంది. మంట తప్ప ఇంకేమీ గుర్తులేదనుకుంటూనే మొదలుపెట్టింది. "అరిచిన. బెంచీ మీది ముసలాయన్ని అవుతలికి నూకిన. వంగి రెగ్యులేటర్ తిప్పి గ్యాసు బంద్ చేసిన." అక్కడ పెన్ను ఆగిపోయింది.

"ఏమయ్యా, ఆ రోజు గ్యాసు బంద్ చేసింది నువ్వు కాదా?"

"నేనెక్కడున్న? నీళ్లకు పోయిన గద. వచ్చేసరికే నువ్వు బంద్ చేసినవ్. అట్లనే గద చెయ్యి కాలింది!"

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీకు ఎరుకే అనుకున్న. ఆ ముచ్చట తీస్తే ఏడుస్తవని ఊకున్న."

ఇన్నాళ్లూ తాను కొయ్యబారి నిలబడిపోయానని, అందుకే కాలిందని నవనీత తనను తాను తిట్టుకుంటూ వచ్చింది. రాసిన మాటను ఇంకోసారి చదువుకుంది. మర్నాడు పొద్దున ఏసుబాబు చేతిలోంచి లైటర్ తీసుకుంది. మూడోసారికి పొయ్యి అంటుకుంది. ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చి పెనం మీద పిండి పోసి పల్చగా తిప్పింది.

"జర పక్కకు జరుగు," అంది భర్తతో. "నువ్వేసేవి మందమైతున్నయి."