బొగ్గోళ్ళే మగపెళ్ళివారు

మా పిల్లల చిన్నప్పుడు... సాయంత్రం బడి వదిలితే చాలు, రైల్వే ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టర్ల వెనక సందు రెండు రాజ్యాలైపోయేది.

బూడిదకుప్ప ఉన్న వైపు బొగ్గోళ్ళది. ప్రహరీ గోడ వైపు తీగోళ్ళది. నడుమ కుళాయి.

బొగ్గోళ్ళు భూమిలోంచి పుట్టిన జాతి. నిప్పు తింటారు, ఆవిరి వదులుతారు, మొహానికి మసి పూసుకుంటారు. తీగోళ్ళు మెరుపులోంచి పుట్టారు. నేల మీద కాలు పెట్టకూడదు... గోడ మీదే నడవాలి, నోటితో జుయ్‌మంటూ ఉండాలి. ఇద్దరికీ కుళాయి కావాలి. యుద్ధమంతా దానికోసమే!

ఈ చరిత్రంతా ఎవరు చెప్పారనుకున్నారు? నేనే. గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంటే పిల్లలు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. "మావోళ్ళకి రెక్కలున్నాయేటి? సెప్పు!" అని. నోటికొచ్చింది చెప్పేదాన్ని. నేను చెప్పాక ఇక తిరుగులేదు.

ఇప్పుడెందుకీ గోలంటే... మొన్న మా అబ్బాయి బాబ్జీ ఇక్కడే, ఈ గ్రూపులోనే ఒక పోస్టు పెట్టాడట. మా ఆటలో తీగోళ్ళు గెలిచారు, బొగ్గోళ్ళు లొంగిపోయి వాళ్ళ దయ మీద బతికారు అని. బోలెడుమంది మెచ్చుకున్నారట కూడానూ! అమ్మకి చదువు రాదు కదా, ఏం రాసినా చెల్లుతుందనుకున్నాడు. వాడి కూతురే నాకు చదివి వినిపించింది. నా జవాబూ అదే రాస్తోంది... ఒక్క ముక్క మార్చినా ఊరుకోను.

జరిగింది ఇదీ.

బొగ్గోళ్ళ రాణి పక్కింటి మేరీ. వాళ్ళ నాన్న దానేలు అన్నయ్య బొగ్గింజను మీద ఫైర్‌మన్. డ్యూటీ దిగి వస్తే కళ్ళు తప్ప మనిషి కనిపించేవాడు కాదు. తీగోళ్ళ రాజు మా బాబ్జీ.

ఆ ఏడు కరెంటు తీగల కింద నడిచే ఇంజన్లు వచ్చాయని బొగ్గింజన్లు ఆపేశారు. అన్నయ్యకి వేరే పని ఇచ్చారు. తెల్లచొక్కాతో వెళ్ళి తెల్లచొక్కాతోనే తిరిగొచ్చేవాడు. వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. వదిన టీ ఇస్తే చల్లారిపోయేది...

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా వాడు గోడ మీద నిలబడి చాటింపు వేశాడు.

"బొగ్గింజన్లు అయిపోయినాయి! బొగ్గోళ్ళందరూ సచ్చిపోయినారు! కుళాయి మాదే! కావాలంటే మా దగ్గిర పనోళ్ళుగా సేరండి!"

పిల్లలు కదా... ఒక్కొక్కరే మసి కడుక్కుని గోడెక్కేశారు. మేరీ ఒక్కతే మిగిలింది. మొహం కడుక్కోలేదు. ఏడవనూ లేదు. నేరుగా నా దగ్గరికొచ్చి నిలబడింది.

"అత్తా... మావోళ్ళు నిజంగా సచ్చిపోయినారేటి?"

అటు చూద్దును కదా, మెట్టు మీద దానేలు అన్నయ్య కూడా నేనేమంటానా అని నా వంకే చూస్తున్నాడు.

చేట కింద పెట్టేశాను.

"ఎవడ్రా అన్నది? ఒరే బాబ్జీ, దిగు కిందకి! తీగరాజు కూతుర్ని బొగ్గురాజు కొడుక్కి ఇచ్చినారు కదరా, నీకు తెలీదేటి?"

"ఎప్పుడమ్మా?"

"నువ్వు పుట్టకముందు! మీ తీగోళ్ళింట్లో పొయ్యుందేట్రా? అన్నీ సల్లకూడే. వేడన్నం తింటానని ఆ పిల్ల మంకుపట్టు పట్టింది. బొగ్గోళ్ళింట్లో కాక ఇంకెక్కడ దొరుకుద్ది? అల్లుడి తరపోళ్ళని ఊర్లోంచి తరిమేస్తారేట్రా, సిగ్గులేదూ?"

వాడు కాసేపు బుర్ర గోక్కున్నాడు. "ఐతే మేమే మగపెళ్ళోళ్ళం" అన్నాడు. గడుసువాడు!

"పిల్ల మీది. నువ్వెలాగ మగపెళ్ళోడివవుతావురా?"

జరిగిపోయిన పెళ్ళే అయినా, నమ్మని వాళ్ళ కోసం మర్నాడు కుళాయి దగ్గర మళ్ళీ చేయాల్సొచ్చింది. పసుపు రాసిన బొగ్గుముక్క పెళ్ళికొడుకు. ఎర్రగుడ్డ చుట్టిన రాగితీగ పెళ్ళికూతురు. మరమరాలు, బెల్లం పలహారం. మగపెళ్ళివారికే ముందు వడ్డన అనేసరికి, గోడెక్కినవాళ్ళలో సగంమంది మళ్ళీ మసి పూసుకుని దిగొచ్చేశారు!

అప్పుడు లేచాడండీ దానేలు అన్నయ్య. లోపలికెళ్ళి ఇంజను మీద తొడుక్కునే పాత చొక్కా తొడుక్కొచ్చి, కుళాయి పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మొహం ముటముటలాడించుకుంటూ మా బాబ్జీని పిలిచాడు.

"ఏటి బావగారూ! మగపెళ్ళోళ్ళం ఒచ్చి ఇంతసేపైంది. కాళ్ళకి నీళ్ళియ్యరేటి? ఇదేనా మీ తీగోళ్ళ మర్యాద?"

మా వాడు హడలిపోయి చెంబు తెచ్చాడు. మేరీ నవ్వింది చూడండీ... ఆ మసిలో పళ్ళన్నీ కనిపించేలా!

వదిన గుమ్మంలోంచి, "మగపెళ్ళోరు టీ తాగుతారేమో అడగండి" అంది.

"సక్కెర ఎక్కువెయ్యమను" అన్నాడు అన్నయ్య.

వియ్యాలవారయ్యాక తగువులేం తగ్గలేదు, ఇంకా పెరిగాయి. "మీ పొగకి మా పిల్ల దగ్గుతున్నాది!" "మీ పిల్ల ముట్టుకుంటే మావోడికి షాకు కొడతన్నాది!" పొద్దుగూకేదాకా అదే గోల... కానీ కుళాయి దగ్గర్నుంచి ఎవరూ ఎవర్నీ తరమలేదు.

కాబట్టి బాబ్జీ, విను. బొగ్గోళ్ళు ఎవరికీ లొంగలేదు. ఎవరి దయ మీదా బతకలేదు. కాళ్ళకి నీళ్ళిచ్చినవాడివి నువ్వు. దానేలు అన్నయ్య ఇప్పుడు లేడు... ఆయన తరఫున అడగడానికి నేనున్నాను. మేరీ కూడా నీ రాతలు చదువుతుంది. ఆ పోస్టు దిద్దు.

మనవరాలు ఫోన్లో ఈ కాలపు ఆట ఒకటి చూపించింది. పొడుగు చెవుల జాతి ఒకటి, గడ్డాల పొట్టి జాతి ఒకటి. ఒకే దేశంలో ఉంటారట. వందల ఏళ్ళుగా కొట్టుకుంటున్నారట.

"పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు లేవేటే?" అని అడిగాను.

"దానికి బటన్ లేదు నానమ్మా" అంది.

అంత పెద్ద దేశానికి, మధ్యలో కూర్చుని ఒక్క సంబంధం కుదిర్చే మనిషి లేకపోయింది...

మీ సందుల్లో ఏయే జాతులుండేవి? ఎవరు ఎవరికి పిల్లనిచ్చారు? రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది. తీరని తగువులేమైనా ఉంటే అవీ రాయండి... నేనింకా ఉన్నాను.