పెళ్ళికొడుకు ఎక్కిన బండి

నాకు మా తోడల్లుడంటే అసూయ. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగిలినదంతా చెప్పడం తేలిక. ఆయన మా ఆవిడకు అక్కగారి భర్త. వయసులో నాకంటే ఆరేళ్ళు పెద్ద, ఆ ఇంటికి నాకంటే నాలుగేళ్ళు ముందు అల్లుడయ్యాడు. కైకలూరు వైపు చేపల చెరువులు చేస్తాడు. నేను బెజవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో కూర్చుని కాగితాల మీద సంతకాలు పెడుతుంటాను.

ఆయన చెడ్డవాడైతే నాకే గొడవా ఉండేది కాదు. మా అత్తగారు కొరమీను పులుసు వండితే మంచి ముక్క ముందు ఆయన కంచంలో పడుతుంది. పెద్దల్లుడు కాబట్టి అది న్యాయమే. కానీ ఆయన ఊరుకోడు. "తమ్ముడికి వెయ్యండత్తయ్యా, నాకు చెరువు మీద రోజూ ఇవేగా" అంటాడు. ఆ ముక్క నా కంచంలోకి వస్తుంది. అలా వచ్చిన ముక్క నాకు గొంతు దిగదు. ఆయన మాత్రం చారన్నం కలుపుకుని హాయిగా తింటాడు.

కిందటేడు నేను కరెంటు కారు కొన్నాను. పెట్రోలు ఖర్చు ఉండదని, గాలి పాడవదని అందరికీ చెప్పాను. అసలు కారణం ఆయన దగ్గరున్న తెల్లటి ఏడు సీట్ల డీజిల్ బండి. దానికంటే పెద్దది కొనే తాహతు నాకు లేదు. దానిలో లేనిదేదైనా ఉన్న బండి కొనుక్కోవచ్చు కదా అనిపించింది. నా కారులోంచి వైరు లాగి ఇంటికి కరెంటు ఇవ్వొచ్చని షోరూములో చెప్పగానే ఇంకేమీ అడగకుండా తలూపేశాను.

ఆ తర్వాత రెండు నెలలకే మా బావమరిది పెళ్ళి కుదిరింది. పామర్రు అవతల ఒక పల్లె మా మామగారిది. పెళ్ళి బెజవాడలో, ఆడపెళ్ళివారు తీసుకున్న కల్యాణమండపంలో. మా మామగారి ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మగపెళ్ళివారు తరలి వెళ్ళేటప్పుడు పెళ్ళికొడుకుని బావగారే తన బండిలో ఎక్కించుకోవాలి. ఎక్కించుకున్న బావే మండపం దగ్గర చెయ్యి పట్టుకుని దింపి, అందరి ముందూ లోపలికి నడిపించాలి. మా మామగారిని ఆయన బావ ఎడ్లబండి మీద తీసుకెళ్ళాడట. ఆ బావ పోయి పదేళ్ళు దాటినా ఆ ఇంట్లో ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకుంటారు. మాకు బావమరిది ఒక్కడే. బావలం ఇద్దరం. పోతే మళ్ళీ రాని అవకాశం. దాని కోసం నేను ఎంత ఆరాటపడ్డానో మా ఆవిడక్కూడా తెలియదు.

ఎలా అడగాలా అని వారం రోజులు మాటలు కూడబలుక్కున్నాను. తీరా అందరూ కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు. "కొత్త బండి ఉంది కదా, తమ్ముడే తీసుకెళ్తాడులెండి. నా దాంట్లో ఎప్పుడూ చేపల మేత వాసన." అందరూ నవ్వారు. పని అయిపోయింది. ఆయన కాస్త పోట్లాడి ఉంటే నాకు ఎంత బాగుండేది!

పెళ్ళికొడుకుని చేసిన రోజు సాయంత్రం పందిట్లో జనం నిండుగా ఉన్నారు. సరిగ్గా దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. మా తోడల్లుడు మాట్లాడిన జనరేటరు ఎంత తిప్పినా అంటుకోలేదు. ఆయన చొక్కా చేతులు మడిచి దాని దగ్గర కూర్చున్నాడు. నేను మెల్లగా లేచి, కారు పందిరి పక్కకు తెచ్చి వైరు తగిలించాను. పందిరంతా వెలిగింది. పంకాలు తిరిగాయి. ఆడవాళ్ళంతా ఒక్కసారి "ఆఁ!" అన్నారు.

మా మామగారు ఊళ్ళో పెద్దల్ని ఒక్కొక్కర్నీ కారు దగ్గరికి తీసుకొచ్చి చూపించాడు. "మా చిన్నల్లుడి బండండీ. దీంతోనే వెలుగుతోంది మొత్తం." ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు చాలలేదు. అరగంటలో కరెంటు వచ్చింది. నేను వైరు తియ్యలేదు. మళ్ళీ పోతుందేమోనని అందరితో అన్నాను. పాటల పెట్టె, వంటవాళ్ళ గ్రైండరు, చివరికి పెరట్లో లైట్లు కూడా నా బండికే తగిలించమన్నాను. "తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, రేపు నడవడానిక్కూడా కాస్త ఉంచుకోవయ్యా" అని మా పెదమామగారు వేళాకోళం చేశాడు. నేనూ నవ్వాను. ఆయనకేం తెలుసులే అనుకున్నాను.

అందరి భోజనాలూ అయ్యాక చూస్తే బండిలో పద్దెనిమిది శాతం మిగిలింది. ఇంటి మొత్తానికి కారు ఛార్జింగుకు పనికొచ్చే పెద్ద ప్లగ్గు వసారాలో ఒక్కటే ఉంది. చుట్టాలకు తెల్లవారేసరికి వేడినీళ్ళు ఉండాలని దానికి మా తోడల్లుడు హీటరు పెట్టించాడు. అడిగితే తీసేసేవాడు. వెంటనే తీసేసేవాడు, పైగా కట్టెలపొయ్యి తనే ముట్టించేవాడు. అదే నాకు మింగుడుపడలేదు. అడగలేదు. రేపటి దారి నలభై తొమ్మిది కిలోమీటర్లు, బండి యాభై ఒకటి పోతానంటోంది. రెండు కిలోమీటర్లు మిగులే కదా అనుకుని పడుకున్నాను.

పొద్దున్నే ముత్తైదువలు ఎదురొచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కల్యాణం బొట్టు, బుగ్గచుక్క పెట్టుకుని, పట్టుబట్టలతో మా బావమరిది నా పక్క సీట్లో కూర్చున్నాడు. మా ఆవిడ వెనక కూర్చుంది. ఇక బయల్దేరాక వెనక్కి తిరగకూడదు, దారిలో ఆగకూడదు. ముహూర్తం పదీ నలభైకి.

అద్దంలో తెల్ల బండి కనిపిస్తూనే ఉంది. పెళ్ళికొడుకు బండి ముందుండాలి కాబట్టి ఆయన వెనకే వస్తున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆయన దగ్గరికి వచ్చినప్పుడల్లా నా కాలు ఇంకాస్త నొక్కింది. పెళ్ళికొడుక్కి చెమట పట్టకుండా ఏసీ గట్టిగా పెట్టాను. ఉయ్యూరు వచ్చేసరికి బండి చెప్పే కిలోమీటర్లకూ రోడ్డు మీద మిగిలిన కిలోమీటర్లకూ లెక్క కుదరడం మానేసింది.

"ఏవండీ, ఇక్కడెక్కడన్నా ఛార్జింగ్ పెడదామా?" అంది మా ఆవిడ.

"పెళ్ళికొడుకుతో దారిలో ఆగుతారా ఎవరన్నా?" అని కసిరాను.

ఆనవాయితీ మీద నాకు అంత భక్తి ఎప్పుడూ లేదు. నేను ఆగితే ఆయన బండి ముందుకు పోతుంది, అంతే. తీరా అద్దంలో చూస్తే ఆయనే కనిపించలేదు. పూలదండలు తీసుకోవడానికి ఉయ్యూరులో ఆగాడని తర్వాత తెలిసింది. నేను ఎవరితో పందెం వేసుకుని పోతున్నానో వాడు పూలకొట్టు దగ్గర నిలబడి ఉన్నాడన్నమాట.

ఏసీ ఆపేశాను. "గాలి బాగుంది, అద్దాలు దించండి" అన్నాను. ఇంకాస్త దూరం పోయాక ముందున్న తెర మీద తాబేలు బొమ్మ వచ్చింది.

"బావా, ఆ తాబేలేంటి?" అన్నాడు మా బావమరిది.

"ఏం లేదురా, నెమ్మదిగా పొమ్మంటోంది."

కంకిపాడు ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా ఒక చెరుకుతోట పక్కన బండి ఆగిపోయింది. చప్పుడు లేని బండి కదా, ఆగినట్టు కూడా తెలియలేదు. రోడ్డు కదలకపోవడం చూసి తెలిసింది. బందరు రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి మరీ చూశారు. పట్టుబట్టల్లో ఒక పెళ్ళికొడుకు, వాడి మీద చీరచెంగుతో నీడపట్టే ఒక అక్క, బానెట్ ఎత్తి లోపలేముందో తెలియక చూస్తూ నిలబడ్డ ఒక బావ. మా బావమరిది బుగ్గచుక్క చెమటకు కారి దవడ దాకా వచ్చింది. ఒక ఆటో ఆగింది. మావాడు ఎక్కడానికి సిద్ధమే. నేనే వద్దన్నాను. నా చేతిలో పెట్టిన పెళ్ళికొడుకుని ఆటోలోంచి దింపితే ఆ ఇంట్లో నా పేరు ఏ రకంగా చెప్పుకుంటారో ఊహించుకోగలను. టైము తొమ్మిదిన్నర దాటింది.

"బావగారికి ఫోన్ చెయ్యండి" అంది మా ఆవిడ.

నేను చెయ్యలేదు. తనే చేసింది.

పది నిమిషాల్లో తెల్ల బండి వచ్చి ఆగింది. ఆయన దిగి నా ముఖం చూశాడు. "ఏమైంది తమ్ముడూ?" అన్నాడు. "ఛార్జింగ్ అయిపోయిందన్నయ్యగారూ" అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఒక్క ఎత్తిపొడుపు మాట అని ఉంటే నాకు ప్రాణం కుదుటపడేది. ఆయన బండిలో మా అత్తగారు, వదినగారు, ఇద్దరు పెద్దమ్మలు, వెనకంతా పళ్ళాలూ పూలబుట్టలూ ఉన్నాయి. అవన్నీ సర్దితే ఇంకో ఇద్దరికి చోటయింది. ఒకరు ఎలాగూ చచ్చిన బండి దగ్గర ఉండాలి, దాన్ని మోసుకుపోయే లారీ వచ్చేదాకా. ఆ ఒకరు ఎవరో నాకు తెలుసు. బండి నాది కదా.

ఆయన తన తాళాలు నా చేతిలో పెట్టాడు.

"మీరు పోనివ్వండి. వాడు మీ చేతుల మీద బయల్దేరాడు, దింపేది కూడా మీరే. మధ్యలో చెయ్యి మారకూడదు. క్లచ్ కొంచెం గట్టిగా ఉంటుంది, చూస్కోండి."

వద్దన్నాను. ఒక్కసారి అన్నాను. రెండోసారి అనలేదు, అంటే ఒప్పుకుంటాడేమోనని.

సీటు ఆయన పొడుగుకు తగ్గట్టు వెనక్కి ఉంది, ముందుకు లాక్కున్నాను. అద్దం సరిచేసుకుంటే అందులో ఆయన కనిపించాడు. తువ్వాలు తలకు చుట్టుకుని, నా కారు వెనక నిలబడి, వచ్చే లారీలను పక్కనుంచి పొమ్మని చెయ్యి ఊపుతున్నాడు. "పొద్దుట్నించి కాఫీ కూడా తాగలేదు మహానుభావుడు" అని మా అత్తగారు వెనక నుంచి అంది. నేనూ తాగలేదు. ఆ మాట అనడానికి అది సమయం కాదు.

ముహూర్తానికి పావుగంట ముందు మండపం చేరాం. నేను దిగి, అటువైపు వెళ్ళి, తలుపు తీసి, మా బావమరిది చెయ్యి పట్టుకున్నాను. సన్నాయి మొదలైంది. ఫోటోలు తీసేవాళ్ళు వెనక్కి నడుస్తూ తీశారు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే. ఏర్పాట్లు చూడ్డానికి తెల్లవారుజామునే వచ్చేసిన మా మామగారు గుమ్మంలో ఎదురొచ్చాడు. నా భుజం మీదుగా వెనక్కి చూసి, "పెద్దల్లుడుగారేరండీ?" అన్నాడు.

తాళి కట్టే వేళకు ఆయన లేడు. తలంబ్రాలకూ లేడు. భోజనాలు రెండో బంతిలో ఉండగా నా కారును మోసుకొచ్చిన లారీ ముందు సీట్లోంచి దిగాడు, ముఖమంతా ఎండకు కమిలిపోయి. అందరూ విస్తళ్ళ ముందు నుంచి లేచినంత పని చేశారు. ఏమైందని అడిగితే నా పరువు ఎక్కడా పోకుండా చెప్పాడు. "దాని తప్పేముందండీ, నిన్న సాయంత్రం మనందరికీ వెలుగిచ్చి అలిసిపోయింది." బంతంతా నవ్వింది. నాకు కూర చేదెక్కింది.

పెళ్ళి ఆల్బమ్ వచ్చాక కొత్త కోడలు దాన్ని తీసుకుని మా ఇంటికి వచ్చింది. నేను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న ఫోటో పేజీ నిండా వేయించారు. నిజం చెప్పాలంటే అందులో బాగానే ఉన్నాను. ఆ అమ్మాయి దాన్నే చూస్తూ, "అన్నయ్యగారూ, పెద్దన్నయ్యగారు ముహూర్తం ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ లేరేంటండీ?" అంది. ఆ పేజీ తిప్పిన ప్రతివాళ్ళూ ఇదే అడుగుతారు, ప్రతిసారీ నేనే చెప్పాలి. చెరుకుతోట, ఎండ, తువ్వాలు, తాళాలు, అన్నీ చెప్పాను.

"అబ్బ, ఎంత మంచివారండీ!" అంది.

"అవునమ్మా" అన్నాను. చెడిపోయింది నా బండి, పెళ్ళి చూడకుండా ఆ రోడ్డు మీద ఎండలో నిలబడాల్సింది నేను. ఆ చోటు కూడా ఆయనకే ఇచ్చేశాను.