నా నోటికి తొడిగిన ఇంగ్లీషు గొంతు

నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

పోయిన నెల అమెరికాలో, మోరిస్‌విల్‌లో దాని కారులో గుడికి వెళుతున్నాం. వెనక సీట్లో మనవరాలు బెల్టు పెట్టుకోనని మారాం చేస్తోంది.

"పెట్టుకోవే. మీ తాతయ్య బెల్ట్ పెట్టుకోకే చనిపోయారు, తెలుసా?" అంది మా అమ్మాయి.

నా ఒళ్ళు మండిపోయింది. "ఎవరు చెప్పారే నీకు?"

"నువ్వే కదమ్మా. సింగపూర్ టీవీలో."

మా ఆయన సింగపూర్‌లో ఓడల యార్డులో వెల్డింగ్ పని చేసేవాడు. నేను అక్కడే ఒకరింట్లో వంటపని. పిల్ల మా అమ్మ దగ్గర ఉండేది. ఆయన పరంజా మీంచి పడి చనిపోయిన మూడో రోజు అక్కడి ఇంగ్లీషు ఛానల్ వాళ్ళు కెమెరా పట్టుకుని వచ్చారు. ఆ దేశంలో బోర్డుల మీద నాలుగు భాషలుంటాయి, మన తెలుగు వాటిలో లేదు. ఇండియా మనిషినని నా మాట ఇంగ్లీషులో చెప్పడానికి ఒక తమిళాయనను తెచ్చారు. నాకు కూరగాయలు బేరమాడేంత తమిళం వచ్చు. మొగుడి చావు చెప్పేంత రాదు.

"తెలుగులోనే చెప్పమ్మా, కొంచెం తెలుసు" అన్నాడాయన.

చెప్పాను. ఎత్తు మీంచి పడకుండా కట్టుకునే బెల్టు ఇద్దరికి ఒకటే ఇచ్చారు, ఆ పూట అది రెండోవాడి నడుముకి ఉంది, ఇంకోటి అడిగితే మేస్త్రీ తిట్టి పైకెక్కించాడు అని గుండెలు బాదుకుంటూ చెప్పాను. అంతా విని ఆయన వాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పి ముగించాడు. అప్పుడే నిలదీయాల్సింది. శవం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేదానికి ఆ తెలివెక్కడిది.

ఆ ప్రోగ్రాం నేను చూడలేదు. అమ్మాయి కాలేజీలో ఉండగా నెట్‌లో చూసిందట. నేను ఏడుస్తానని దాచిందట.

ఇంటికి రాగానే ఆ ప్రోగ్రాం టీవీలో పెట్టమన్నాను. ముఖం నాదే, కదిలే పెదాలూ నావే. గొంతు మాత్రం ఎవరో దొరసానిది, చల్లగా, వంటల ప్రోగ్రాంలో మాట్లాడినట్టు.

"ఏమంటోంది అది?"

అమ్మాయి టీవీ ఆపింది. "ఆయనకు తొందరెక్కువ, బెల్ట్ పెట్టుకునేవాడు కాదు, నేను ఎవరినీ తప్పు పట్టను అని."

ఎవరినీ తప్పు పట్టనట. నా మాట ఆ తమిళాయన నోట్లో మారిందో, ఆ దొరసానికి రాసిచ్చిన కాగితంలో మారిందో నాకు తెలియదు. చచ్చినవాడి మీదికి తప్పు నెట్టింది మాత్రం నా పెదాలే అయ్యాయి. ఇన్నేళ్ళూ నా కూతురు తండ్రిని తలుచుకుని జాలిపడలేదు, చిరాకుపడింది.

"నన్ను ఒక్క మాట అడగలేకపోయావా?"

"ఇంగ్లీష్‌లో అంత క్లియర్‌గా చెప్తుంటే డౌట్ ఎందుకొస్తుందమ్మా?"

"ఆ ఇంగ్లీషు కింద సన్నగా నా తెలుగు వినపడుతోంది కదే. దొరసాని గొంతు వినపడింది, కన్నతల్లి గొంతు వినపడలేదా?"

అది తల దించుకుంది. నేను దించుకోనివ్వలేదు. జరిగింది మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. నీ కూతురికి నువ్వే చెప్పు, ఇప్పుడే, నా ఎదుటే అన్నాను. అది ఏడుస్తూ, మనవరాలికి బాగా అర్థం కావాలని ఇంగ్లీషులో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈసారి ఎవరి నోటినీ నమ్మదలుచుకోలేదు.

మనవరాలి గడ్డం పట్టుకుని అడిగాను. "అమ్మ ఏం చెప్పింది?"

"తాతయ్యకి బెల్ట్ ఇవ్వలేదు, అమ్మమ్మా."

"ఎవరు ఇవ్వలేదు?"

అది వాళ్ళమ్మ వైపు చూసింది. "కంపెనీ వాళ్ళు."

"ఇంకోసారి చెప్పు" అన్నాను.