లేవని చెప్పిన బెల్టులు

అబిడ్స్ సందులో టేప్‌రికార్డర్లు బాగుచేసే శ్యామ్‌సుందర్ నోట ఎక్కువసార్లు వచ్చిన మాట "లేవు". వాక్‌మన్‌లో చక్రాలు తిప్పే రబ్బరు బెల్టులున్నాయా అంటే లేవు. పోనీ ఎక్కడ దొరుకుతాయంటే హైదరాబాద్ మొత్తంలో లేవు. ఎంత ధీమాగా చెప్పేవాడంటే, జనం మారుమాట లేకుండా నమ్మి, ఆగిపోయిన ప్లేయరును సంచిలో వేసుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళు సందు మలుపు తిరగ్గానే ఆయన కౌంటర్ కింద కాలితో తడిమి చూసుకునేవాడు. అక్కడ తాళం వేసిన బిస్కెట్ డబ్బా ఉండేది. దాన్నిండా బెల్టులే.

పిసినారి అనుకునేరు, కాదు. క్యాసెట్ల కాలం అయిపోయి హోల్‌సేల్ దుకాణం మూసేస్తున్నప్పుడు, మిగిలిన బెల్టులన్నీ ఊడ్చి తెచ్చుకున్నాడు. భార్య వసుమతి కోసం. ఆమె నాంపల్లిలో ఒక బడిలో పాటల టీచరు. పిల్లలచేత సరళీ స్వరాలు పాడించి, క్యాసెట్‌లో రికార్డు చేసుకుని, సాయంత్రాలు వాక్‌మన్‌లో వింటూ ఎవరు ఎక్కడ తప్పారో పట్టుకునేది. ఆ వాక్‌మన్‌కు జన్మలో బెల్టు కరువు రాకూడదని ఆయన పంతం. అందుకే ఉన్నవాటిలో ఒక్కటి కూడా పరాయివాళ్ళకు ఇవ్వలేదు.

ఇప్పుడు వసుమతికి ఏదీ గుర్తుండటం లేదు. కన్నకూతురు రశ్మిని "నువ్వెవరమ్మా" అని అడుగుతుంది. అన్నం ముందు పెడితే పెదవులు బిగించేస్తుంది. ఎవరు బతిమాలినా వినదు. వాక్‌మన్ చేతికిచ్చి, హెడ్‌ఫోన్ పెడితే మాత్రం తన బొటనవేలితో తనే బటన్ నొక్కుతుంది. వాక్‌మన్ మూతకున్న చిన్న కిటికీలోంచి క్యాసెట్ చక్రాలు తిరగడం చూస్తుంది. చెవిలో పిల్లలు "స రి గ మ" అందుకోగానే ఆమె నోరు కూడా కదులుతుంది. అలా తెరుచుకున్న నోట్లో శ్యామ్‌సుందర్ చెంచాతో అన్నం పెట్టేస్తాడు. ఇన్నాళ్ళూ ఆమె ప్రాణం నిలబడింది ఆ నాలుగు చెంచాల మీదే.

పోయిన వారం బటన్ నొక్కితే మోటారు గుయ్‌మంది కానీ చక్రాలు కదల్లేదు. బెల్టు కరిగిపోయింది. శ్యామ్‌సుందర్ ఏమాత్రం కంగారు పడలేదు. ఈ రోజు కోసమే కదా దాచింది అనుకుంటూ దుకాణానికి వెళ్ళి, డబ్బా తాళం తీశాడు.

డబ్బాలో నల్లటి జిగురు ఉంది. బెల్టులు కవర్లలోనే కరిగి, కవర్లకే అతుక్కుపోయాయి. లాగితే తారులా సాగి తెగిపోయాయి. ఒక్కొక్క కవరూ చించి చూశాడు. వేళ్ళు నల్లబడ్డాయి తప్ప ఒక్క బెల్టూ దక్కలేదు. వాడినా వాడకపోయినా రబ్బరుకు వయసు మీద పడుతుంది. ఊళ్ళోవాళ్ళ ప్లేయర్లలోంచి అదే జిగురును స్పిరిటుతో తుడిచి తుడిచి ముసలివాడైన మనిషికి ఆ సంగతి తెలియదా? తెలుసు. తన డబ్బా జోలికి మాత్రం రాదనుకున్నాడు, పిచ్చి మారాజు.

ఆన్‌లైన్‌లో బెల్టు కోసం వెతికితే వచ్చే నెల వస్తుందని చూపించింది. రశ్మి అదే క్యాసెట్‌ను ఫోన్‌లోకి ఎక్కించి ఇస్తే వసుమతి ఫోన్‌ను మంచం కిందికి విసిరేసింది. పెద్ద టేప్‌రికార్డర్ తెస్తే మొహం తిప్పుకుంది. ఆయన వాక్‌మన్‌కు జడ రబ్బరు వేసి చూశాడు. సైకిల్ ట్యూబు సన్నగా కోసి వేసి చూశాడు. పిల్లల గొంతులు సాగి సాగి ఏడుపులా వినిపించాయి. వసుమతి హెడ్‌ఫోన్ పీకేసి చెవులు మూసుకుంది.

పాలు తప్ప ఏమీ దిగడం లేదని దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ ఉన్నమాట చెప్పేసింది. "సోమవారం దాక చూద్దాం. అప్పటికీ తినకుంటే ముక్కులోంచి పైపు వేయాలె." 

ఆదివారం నాటికి ఆయనకు ఒక్క ఆశే మిగిలింది. తను లేవని పంపేసినవాళ్ళలో ఎవరో ఒకరు తన మాట నమ్మకుండా ఇంకెక్కడో బెల్టు సంపాదించి ఉండాలి. మొదట గుర్తొచ్చింది ఎర్నెస్ట్, చాపెల్ రోడ్డులో ఉండే రిటైర్డ్ రైల్వే క్లర్కు. సరిగ్గా అలాంటి వాక్‌మనే తెచ్చి, మూడుసార్లు తిరిగి, ఖాళీ చేతులతో పోయాడు.

ఎర్నెస్ట్ అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నాడు. శ్యామ్‌సుందర్‌ను చూసి గేటు బార్లా తెరిచాడు. "రండ్రి శ్యామ్‌సుందర్ గారూ, గిట్లొచ్చిన్రేంది?"

విషయం విని తల అడ్డంగా ఊపాడు. "మా ఇంటామె డోరాకు చూపు పోయినంక బైబిల్ క్యాసెట్లే ఆధారం ఉండె. మీరు బెల్టులు లేవన్నరు గద, దాన్ని పాతసామాన్లు కొనేటోనికి ఏసిన."

"ఇంకెక్కడ అడగలేదా సార్?"

"ఎందుకడుగుత? వేరేటోడైతే ఏదో రబ్బరు తగిలిచ్చి పైసలు గుంజుతుండె. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పిన్రు. మా సంఘంల అందరికీ చెప్పిన, మనిషంటే గట్లుండాలె అని."

 సిగ్గుతో శ్యామ్‌సుందర్ మొహం మండిపోయింది. "ఆ రోజు నా దగ్గర ఉండె సార్," అన్నాడు. "డబ్బ నిండ ఉండె. నా భార్యకని దాచిన."

 ఎర్నెస్ట్ లోపలికి తొంగిచూసి గొంతు తగ్గించాడు. "జర మెల్లగ మాట్లాడుండ్రి. డోరా లోపలుంది. రోజూ ప్రార్థనల మీ పేరు తీస్తది, నిజం చెప్పిన మనిషి అని. ఆమెకైతే చెప్పకుండ్రి."

అంతే. తిట్టలేదు, పొమ్మనలేదు. గేటు నెమ్మదిగా వేసుకున్నాడు. తిట్టినా బాగుండేదనుకుంటూ శ్యామ్‌సుందర్ ఆ గేటు ముందు కాసేపు నిలబడి, ఇక చేసేదేమీ లేక నాంపల్లిలోని ఇంటి దారి పట్టాడు.

ఇంటికొచ్చేసరికి వసుమతి కదలని వాక్‌మన్‌ను ఒళ్ళో పెట్టుకుని బటన్ నొక్కుతూ ఉంది. ఆయన పెరుగన్నం మెత్తగా కలిపి ఎదురుగా కూర్చున్నాడు. పాటంటే ఆమడ దూరం పారిపోయే మనిషి, గొంతు సవరించుకుని "స రి గ మ" మొదలుపెట్టాడు. "గ" దగ్గరే గొంతు బొంగురుపోయి ఎటో కొట్టుకుపోయింది.

వసుమతి తలెత్తింది. కనుబొమలు ముడిపడ్డాయి. "తప్పు," అంది. సరైన "గ" పలికి చూపించడానికి నోరు తెరిచింది. ఆయన చెంచా లోపల పెట్టేశాడు. మింగింది.

మళ్ళీ పాడాడు. మళ్ళీ తప్పాడు. అందుకు ఆయన ప్రత్యేకంగా కష్టపడాల్సిన పనేమీ లేదు. ఇంకో చెంచా దిగింది.

"ఏ క్లాసు నువ్వు?" అడిగింది వసుమతి.

శ్యామ్‌సుందర్ చెంచాతోనే చేతులు కట్టుకున్నాడు. "మూడో క్లాసు, టీచర్."

"ఎన్నిసార్లు చెప్పినా అదే తప్పు చేస్తవేంది? చెయ్యి చాపు."

చాపాడు. ఆమె చెంచా లాక్కుని, దాని కాడతో అరచేతి మీద గట్టిగా ఒక్కటి వేసింది. శ్యామ్‌సుందర్ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇంకొకటి వేసేదాకా అలాగే చాపి ఉంచాడు.