మాటను ముక్కలు చేసిన మాస్టారు

మా ఫ్రెంచి మాస్టారు నిద్రలోనే పోయారని పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేశారు. ఆవిడను మేమంతా అమ్మగారనే పిలుస్తాం. ఏడుపు వచ్చింది. నిజం చెప్పాలంటే, అంతకంటే ముందు గుండె తేలికపడింది. పక్షవాతంతో మాట పడిపోయాక ఆయన పడ్డ అవస్థ దగ్గరుండి చూసినదాన్ని.

యానాంలో ఇంటర్ చదివేటప్పుడు నాకు నత్తి. రేవులో చేపలమ్మే మా అమ్మ నోటికి ఊరంతా జడిసేది. ఆవిడ కడుపున పుట్టిన నాకేమో పేరు చెప్పడానికే అర నిమిషం పట్టేది. పైగా ఫ్రెంచిలో నోటి పరీక్ష. అది గట్టెక్కకపోతే చదువు ఆపి రేవుకు వచ్చేయమంది అమ్మ.

మాస్టారు నా నత్తి ఊసే ఎత్తలేదు. 'మేం ముగిస్తాం' అనడానికి 'నూ ఫినిసోఁ' అనాలి. ఆ క్రియను బోర్డు మీద రాసి సుద్దగీతలతో కోశారు: ఫి, ని, సోఁ. ఫ్రెంచి మాటకూ మన మాటలాగే అచ్చు దగ్గర ఆగడం ఇష్టమని, అక్కడ ఊపిరి తీసుకోవచ్చని చెప్పారు.

"గబగబా తాగితే మంచినీళ్ళయినా పొలమారతాయమ్మా. గుక్క గుక్కగా పలుకు."

ఒక్కో ముక్కకీ బల్ల మీద వేలితో తట్టేవారు. మన 'తింటాను, తింటాం'లో లాగే చివరి ముక్క మారితే మనిషి మారతాడనేవారు. 'వాళ్ళు' అనే బహువచనంలో క్రియ చివర రాసి కూడా పలకని మూడక్షరాలు వస్తే, పెళ్ళికొచ్చి భోంచేయకుండా వెళ్ళే చుట్టాలనేవారు. నవ్వుతూనే పలికేసేదాన్ని. పరీక్షలో రెండుసార్లే ఆగాను. ఇప్పుడు నేనూ ఫ్రెంచి చెబుతున్నాను.

కిందటి వేసవిలో ఆయనకు మాట పడిపోయింది. జావ తాగించేటప్పుడల్లా ఏదో చెప్పబోయి, రాక, కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. ఏదో పెద్ద మాటే అయ్యుంటుందని, అది చెప్పకుండానే వెళ్ళిపోతారేమోనని అమ్మగారు బెంగపెట్టుకున్నారు. అదివరకు రోజూ ఆయన చాదస్తాన్ని దులిపేసే మనిషి, చంటిపిల్లాడితో మాట్లాడినట్టు గొంతు తగ్గించేశారు. అది వింటే నాకే కష్టంగా ఉండేది.

ప్రతి ఆదివారం వెళ్ళి, మంచం పట్టె మీద వేలితో తడుతూ ఒక్కో ముక్కే పలికించేదాన్ని. నెలన్నర పట్టింది. ఒకరోజు ఆయన జావగిన్నె వైపు చూసి, నా వేలి వైపు చూసి అన్నారు.

"ఉ... ప్పు... లే... దు."

అమ్మగారు చెంచా గిన్నెలో పెట్టేశారు. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, "బీపీ పెట్టుకుని ఉప్పు కావాలా మీకు? ఇన్నాళ్ళూ నా ప్రాణం తీసింది ఇందుకాండీ?" అని మొదలుపెట్టారు. వంటింట్లోకి వెళ్ళినా ఆపలేదు. మాస్టారు దిండు మీద తల వాల్చి, కళ్ళు మూసుకుని, ఆ తిట్లలో ఒక్కటీ పోనివ్వకుండా వింటున్నారు.