గులాబీ గొడుగు మీది ముడి

పొద్దున్నే కార్ఖానాకు రాగానే ఆమె చేసే మొదటి పని ఒకటుండేది. ముందురోజు తయారైన గొడుగుల్లోంచి చేతికందినదాన్ని తీసుకుని వాకిట్లోకి వెళ్ళి, తెరిచి, ఎండకు అడ్డంగా పట్టుకుని లోపలినుంచి చూసేది. సూదిమొనంత వెలుతురు ఎక్కడైనా కనబడితే ఆ గొడుగు మళ్ళీ లోపలికి పోయేది. కనబడకపోతే కళ్ళు మూసుకుని, "ఎవరు పట్టుకుంటారో నాకు తెలీదు తండ్రీ. ఈ గుడ్డ కింద నడిచేవాళ్ళని చల్లగా చూడు" అని లోలోపల అనుకుని మూసేది. మబ్బు పట్టిన రోజు కూడా ఈ పని మానేది కాదు. ఎండ లేనిదే చిల్లులెలా కనబడతాయని ఎవరైనా ఆటపట్టిస్తే, "చిల్లులు కనబడవని దేవుడితో మాట్లాడ్డం మానేస్తామా ఏంటి?" అనేది.

కార్ఖానాలో అందరికీ ఆమె పెద్దక్క. పెళ్ళయిన కొత్తలో వచ్చి కూర్చున్న పీట మీదే జుట్టు నెరిసింది. మగవాళ్ళు కమ్మీలు వంచి కాడకు బిగించి ఇస్తే, ఆడవాళ్ళు వాటిమీద నల్లగుడ్డ పరిచి కమ్మీల కొసలకు కుట్టేవాళ్ళు. గొడుగు ఎంతకాలం బతుకుతుందన్నది ఆ కొసల దగ్గరే తేలిపోతుంది. కుట్టు చివర వేసే ముడి ఒక్కొక్కరిదీ ఒక్కో రకం, మనిషి నడకలాగా. పెద్దక్క ముడి రెండు చుట్లు తిరిగి, దారం కొస గుడ్డ మడతలోకి దూరిపోయేది. గొడుగు చిరిగి పీలికలైనా ఆ ముడి మాత్రం ఊడేది కాదు. ఆ ముడిని ఆమె ఒక్కరికే నేర్పింది. మొగుడు పోయి, చంటిపిల్లను చంకనేసుకుని పనికొచ్చిన ఒకమ్మాయి మొదటిరోజు సూదిలో దారం కూడా ఎక్కించలేక తంటాలు పడుతుంటే, పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చేతుల మీద తన చేతులు వేసి నేర్పింది. ఆ అమ్మాయి గొంతు పక్కనున్నవాళ్ళకు కూడా వినబడదు కాబట్టి కార్ఖానాలో నెమ్మదమ్మ అని పేరు పడింది.

కొన్నేళ్ళు బాగానే గడిచింది. తర్వాత బజారులోకి పైదేశపు గొడుగులు దిగాయి. ముడిస్తే అరచేతిలో పట్టేవి. రంగురంగులవి, పూలవి. ధర చూస్తే సగం కూడా లేదు. ఒక వానాకాలం పోయేసరికి కమ్మీలు విరిగి కాలవల్లో కాకుల్లా పడుండేవి. అయినా జనం మళ్ళీ అవే కొనేవాళ్ళు. కార్ఖానాలో పీటలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. మేస్త్రీ ముఖం చూస్తే ఏడవాలో తిట్టాలో తేల్చుకోలేనట్టుండేది.

అప్పుడు పెద్దక్కే నడుం కట్టింది. సెలవురోజున ఆడవాళ్ళం తలా కొన్ని గొడుగులు మోసుకుని ఇంటింటికీ వెళ్దామంది. మన చేతిపని మనమే చూపించుకోకపోతే ఎవరు చూపిస్తారంది. ఇంకో మాట కూడా అంది: "ముందు మన కొంపలు సరిగ్గా ఉండాలి. మనలో ఏ ఇంట్లోనైనా ఆ పైదేశపు గొడుగు కనబడిందా, ఆ మనిషి మనతో ఇళ్ళకు రానక్కర్లేదు. కూడు పెట్టే పనిని కాలితో తన్నినట్టే." అందరూ తలూపారు.

ఇళ్ళకు తిరగడంలో ఆమె నోరు బాగానే పనిచేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఒకరోజు బస్సుల దగ్గర వానకు అందరూ ఒక రేకు కింద ఇరుక్కుని నిలబడ్డారు. ఆ రేకు కింద చోటు చాలక, కూరలమ్మే ఆవిడ బయటే తన గంప మీదికి పసుపుపచ్చ పూల గొడుగొకటి తెరిచి పట్టుకుంది. పెద్దక్కకు ఒళ్ళు మండింది.

"ఏమమ్మా, మా పొట్ట కొట్టి నీ గంప కాపాడుకుంటున్నావా?" అంది, నలుగురూ వినేలా.

"చవగ్గా వచ్చిందని తీసుకున్నానమ్మా..."

"నీ కూరలు కూడా పైదేశంనుంచి చవగ్గా దిగితే అప్పుడు తెలుస్తుందిలే!"

ఎవరో కిసుక్కున నవ్వారు. కూరలావిడ గొడుగు ముడిచేసి వానలోనే నిలబడింది. కొత్తిమీర కట్టల మీద నీళ్ళు కారుతుంటే ఆవిడ వాటివైపు కూడా చూడలేదు. ఆ రోజు పెద్దక్క గెలిచినదానిలా ఇంటికి నడిచింది. ఆ తర్వాత వానొచ్చినప్పుడల్లా కూరలావిడ నెత్తిన ఖాళీ గోనెసంచి కప్పుకోవడం ఆమె కంటబడుతూనే ఉండేది.

ఇలాంటి పెద్దక్కకు ఒక మనవరాలుంది. కూతురూ అల్లుడూ ఇద్దరూ పనులకు పోతారు కాబట్టి పిల్లని బడికి పంపేది అమ్మమ్మే. ఆ పిల్లకు ఓ నల్ల గొడుగిచ్చింది పెద్దక్క, తన చేత్తో కుట్టిందే. పిల్ల కంటే గొడుగు పొడుగు.

"నాకొద్దు అమ్మమ్మా. తాతలు పట్టుకునేది ఇది."

"తాతలే పట్టుకుంటారా? గాలివానకి కూడా తిరగబడదే ఇది."

"నా చెయ్యి తిరగబడుతోందిగా!"

పిల్లకు కావలసింది బళ్ళో తోటిపిల్లలందరి దగ్గరా ఉన్నటువంటిది. గులాబీ రంగుది, పైన రెండు పిల్లి చెవులున్నది. వద్దని పెద్దక్క కసిరింది, బుజ్జగించింది, కథలు చెప్పింది. ఒకనాటి సాయంత్రం పిల్ల తడిసి ముద్దయి ఇంటికొచ్చింది. నల్ల గొడుగు ముడిచే ఉంది, చంకలో. "తెరిస్తే నవ్వుతున్నారు" అని ఒక్కమాట చెప్పి, ఏడవకుండా తల తుడిపించుకుంది. ఏడ్చినా పెద్దక్కకు ఇంత కష్టం అనిపించేది కాదేమో.

మర్నాడు ఆమె తమ వీధి బజారుకు కాక, రెండు బజార్లవతల ఉన్న ఫ్యాన్సీ కొట్టుకు వెళ్ళింది. కొంగు తలమీదికి లాక్కుంది. కొట్టతను ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. గొడుగుల కార్ఖానా పెద్దక్క ఎవరికి తెలీదు! కానీ ఏమీ అడగలేదు. ఆమె చూపు ఎటు పోయిందో చూసి, ఆ గులాబీ గొడుగు తీసి, మామూలుగా ఇచ్చే పల్చటి సంచిలో కాకుండా పాతకాగితంలో బయటికి ఏ రంగూ కనబడకుండా చుట్టి చేతికిచ్చాడు. "పిల్లలకి ఇష్టంగా ఉంటుందండీ" అన్నాడు నేలచూపులు చూస్తూ. అతను వెక్కిరించి ఉంటే తిట్టి రావచ్చు. ఆ మంచితనానికి ఎదురు చెప్పలేక ఆమె చెవులు వేడెక్కాయి.

ఇంటికొచ్చి తలుపేసి తెరిచి చూసింది. బరువే లేదు. ఒక్కవేలితో తిప్పితే గిర్రున తిరిగింది. ఆమెకు తెలియకుండానే ముఖం మీద నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమెకే తెలిసి చప్పున ముడిచేసింది.

పిల్లకిస్తూ చెప్పిన మాట ఇంకా ఘోరం. "మన వీధిలో తెరవకు. బడి గేటు దగ్గర తెరువు. ఎవరైనా అడిగితే స్నేహితురాలిదని చెప్పు." పిల్ల ఎందుకని అడగలేదు. పెద్దవాళ్ళు చెప్పింది సరైందే అనుకునే వయసు. అబద్ధం చెప్పకూడదని ఆ పిల్లకు నేర్పింది కూడా ఈ అమ్మమ్మే.

వారం తిరక్కుండానే ఒక కమ్మీ కొస దగ్గర గుడ్డ ఊడొచ్చింది. "అమ్మమ్మా, పిల్లికి జబ్బు చేసింది" అని పిల్ల తెచ్చిచ్చింది. పెద్దక్క అరుగు మీద కూర్చుని, ఎదురింటావిడతో ఏదో మాట్లాడుతూ, ఒడిలో కొంగు కింద పెట్టుకుని కుట్టేసింది. మనసు మాటల మీదుంది, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. రెండు చుట్లు, దారం కొస మడతలోకి.

పిల్లలు గొడుగులు మర్చిపోకుండా ఉంటారా? మనవరాలు బస్సులో వదిలేసింది. ఆ బస్సు కండక్టరు చాలా మంచివాడు. ఎవరు ఏది మర్చిపోయినా పోగొట్టుకున్నవాళ్ళకు చేర్చందే అన్నం తినడు. గొడుగు కాబట్టి గొడుగుల కార్ఖానాకు తెచ్చాడు. "ఎవరో పసిపిల్లదమ్మా. అడుగుతూ వస్తే ఇచ్చెయ్యండి" అని భోజనాల వేళకు వచ్చి గుమ్మం దగ్గర మేకుకు తగిలించి పోయాడు.

పెద్దక్క అన్నం డబ్బా పక్కన పెట్టేసి, సూది చేతిలోకి తీసుకుంది.

పనివాళ్ళలో ఊళ్ళో కబుర్లన్నీ ముందుగా తెలిసే ఒకావిడుంది, పేరే రేడియో. ఆమె అన్నం డబ్బా మూతేసి లేచి, గొడుగును తెరిచి అటూ ఇటూ తిప్పింది. "అబ్బో, చెవులు కూడానా! మనం ఇంకా తోక కూడా పెట్టలేదు" అంది. అందరూ నవ్వారు. రేడియో నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది.

"ఇదిగో, ఈ ముడి చూడండర్రా. ఇది పెద్దక్క ముడి."

ఆ మాటలోని వింతకు రేడియోనే మళ్ళీ పకపక నవ్వింది. "పెద్దక్క ఇంట్లో ఇదా! నిప్పుకి చెద పట్టిందన్నట్టుంది. ఈ ముడి వచ్చింది ఇంకెవరికి?"

చూపులన్నీ నెమ్మదమ్మ మీదికి తిరిగాయి. ఆమెకూ బడికెళ్ళే ఆడపిల్లుంది.

నెమ్మదమ్మ లేచి వచ్చి ముడిని దగ్గరగా చూసింది. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె వేసే చుట్లు పెద్దక్క చుట్లకు ఎదురుగా తిరుగుతాయి. ఈ సంగతి ఆమెకూ నేర్పినామెకూ తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆమె తలెత్తి పెద్దక్కను చూసింది. పెద్దక్క చూపు తిప్పుకుని, ఎక్కించే ఉన్న సూదిలో మళ్ళీ దారం ఎక్కించడం మొదలుపెట్టింది.

"పోనీండి, ఎవరిదైతే ఏం" అంది నెమ్మదమ్మ.

అంతే, ఆ మాటనే ఒప్పుకోలు కింద తీసుకున్నారు. "తేనె పూసిన కత్తివే నువ్వు!" అంది ఒకామె. ఇళ్ళకు తిరిగే రోజున నెమ్మదమ్మ రానక్కర్లేదని మేస్త్రీ చెప్పాడు. భోజనాలప్పుడు ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ కట్టు పెట్టింది పెద్దక్క కాబట్టి ఆమే ఏదన్నా అంటుందని అందరూ ఎదురుచూశారు. ఆమె ఏమీ అనలేదు. తన దగ్గరి మనిషని పెద్దమనసుతో ఊరుకుందని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు వింటూ ఆమె కుక్కిన పేనులా కూర్చుంది.

మర్నాడు పొద్దున వాకిట్లో గొడుగు తెరిచి పట్టుకుంది. ఎక్కడా చిల్లు లేదు. కళ్ళు మూసుకుంది కానీ లోలోపల ఆ మాటలు రాలేదు. ఎవరో చల్లగా ఉండాలని అడగడానికి ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? పక్క పీటమీద కూర్చున్న మనిషిని ఎండలో నిలబెట్టి వచ్చింది కదా. గొడుగు మూసి లోపలికెళ్తే, తన పీట దగ్గర రోజూలాగే మైనం పట్టించిన దారం చుట్ట సిద్ధంగా ఉంది. పెద్దక్క వేళ్ళు నొప్పులని తెలిసి, పొద్దున్నే ఆ దారానికి మైనం రాసి పెట్టేది నెమ్మదమ్మే. ఇవాళ కూడా రాసి పెట్టింది. ఆ చుట్టను పట్టుకుంటే నిప్పు ముట్టుకున్నట్టయింది.

అలా నాలుగైదు రోజులు గడిచాయి. కుళాయి దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఎందుకే చెప్పలేదు? నీకు తెలుసుగా."

నెమ్మదమ్మ బిందె నిండేదాకా చూసి కుళాయి కట్టేసింది. "మీరు చెప్తారనుకున్నానక్కా" అంది.

నిష్ఠూరం లేదు. అడిగితే చెప్పిందంతే. పెద్దక్కకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుతుంటే ఆమె లేచి, మేకుకున్న గులాబీ గొడుగును తీసుకుని గది మధ్యలో నిలబడింది.

"ఇది నా మనవరాలిది. కొన్నది నేను. కుట్టింది నేను. నెమ్మదమ్మది కాదు."

"ఊరుకో పెద్దక్కా, దాన్ని వెనకేసుకొస్తున్నావు" అంది రేడియో.

"వెనకేసుకురావడం కాదు. చుట్టు ఎటు తిరిగిందో చూడు. అది ఎడంచేత్తో కుడుతుంది."

రేడియో ముడిని చూసింది. నెమ్మదమ్మ కుట్టిన గొడుగొకటి తీసి రెండు ముళ్ళూ పోల్చి చూసి, వెళ్ళి తన పీట మీద కూర్చుంది. మూలనుంచి ఇంకొకామె అందుకుంది: "మరి ఆ కూరలావిణ్ణి నడిబజార్లో అన్ని మాటలెందుకన్నావు?"

"అనకూడనివే అన్నానమ్మా. పొద్దున ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే, నేనేమంటానో అని నెత్తిమీది గోనెసంచిని కూడా తీసి దాచుకుంది. క్షమించమన్నాను. ఎప్పటి మాటో, మర్చిపోయానంది. మర్చిపోలేదు." ఆమె గొడుగును ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "ఇంకోటి కూడా చెప్పాలి. పిల్ల కోసమే కొన్నానంటే అది కూడా సగం అబద్ధమే అవుతుంది. చేతిలో పట్టుకుంటే నాకూ నచ్చింది. తేలిగ్గా ఉంది. మన గొడుగు పసిపిల్ల చేతికి బరువని ఇన్నేళ్ళుగా నాకు తోచనేలేదు. కొననివాళ్ళందర్నీ దొంగల్ని చూసినట్టు చూశాను."

మేస్త్రీ గొణిగాడు, గొడుగంటే నల్లగానే ఉండాలని. ఎవరూ పట్టించుకోలేదు. ఎవరూ ఆమెను ఓదార్చనూ లేదు. ఒకామె అన్నం డబ్బా పట్టుకుని లేచి నెమ్మదమ్మ పక్కకు వెళ్ళి కూర్చుంది. మరొకామె వెళ్ళింది. పెద్దక్క పక్కన చోటు ఖాళీ అయింది. ఆమె దాన్ని న్యాయంగానే తీసుకుంది. తన మాట ప్రకారం ఇళ్ళకు ఇక రానని తానే చెప్పింది.

సాయంత్రం అందరూ వెళ్ళిపోతుంటే గేటు దగ్గర నెమ్మదమ్మ కోసం ఆగింది. ఇద్దరూ కొంతదూరం నడిచారు.

"చెల్లీ, ఒక్క సాయం చేసిపెట్టాలి" అంది చివరికి.

"చెప్పండక్కా."

"సెలవురోజున నువ్వు వెళ్తావుగా. వాళ్ళంతా ఒప్పుకుంటేనే, నన్నూ వెంట తీసుకెళ్ళు. ముందు నడవను. గొడుగుల కట్ట నేను మోస్తాను, మాట్లాడేది నువ్వు."

"నా గొంతు ఎవరికి వినబడుతుందక్కా?"

"వినాలనుకున్నవాళ్ళు దగ్గరికొస్తారులే. నాది వీధి చివరిదాకా వినబడింది, ఏం ఒరిగింది?" ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎవరింట్లోనన్నా ఆ రంగు గొడుగు కనబడి నా నోరు లేచిందనుకో, వయసులో పెద్దదని చూడకు. నా కాలు తొక్కెయ్. గట్టిగా తొక్కు."